స్ట్రాంగ్ రూమ్‌కి రెండు తాళాలు.. సర్వర్‌కి ఎన్ని? గోదావరి జిల్లాల సహకార బ్యాంకుల సైబర్ భద్రతను చూసేదెవరు?

గోదావరి జిల్లాల్లో అర్బన్ బ్యాంకు మహాజన సభ అంటే చిన్న సైజు ఎలక్షన్ సందడే. షామియానా, కుర్చీలు, టిఫిన్లు, మైకు ముందు ఛైర్మన్ గారు, పక్కన డైరెక్టర్లు. సభ్యులు లేచి అడిగే ప్రశ్నలు కూడా దాదాపు ఒకటే. "డివిడెండ్ ఎంతిస్తున్నారండీ?", "ఫలానా వాళ్ల అప్పు ఎందుకు వసూలు కాలేదండీ?", "గోల్డ్ లోన్ వడ్డీ తగ్గిస్తారా?" గంటన్నరలో తీర్మానాలన్నీ పాసైపోతాయి.

ఆ సభలో సాధారణంగా వినపడని ప్రశ్న ఒకటుంది. "మన బ్యాంకు కంప్యూటర్లకి కిందటేడాది సైబర్ ఆడిట్ జరిగిందా? అందులో ఏం తప్పులు బయటపడ్డాయి? వాటిని సరిచేశారా?"

ఇదేదో టెక్నికల్ గొడవ, మనకెందుకులే అనుకుంటే పొరపాటే. హైదరాబాద్‌లో ఓ సహకార బ్యాంకుకి ఈ ప్రశ్న ఖరీదు 12 కోట్ల 48 లక్షల రూపాయలు. దొంగలు గోడ దూకలేదు, తాళం పగలగొట్టలేదు. ఇద్దరు ఉద్యోగులు ఓ ఈమెయిల్ ఓపెన్ చేశారు. అంతే.

అసలు సైబర్ భద్రతకు రూల్స్ ఉన్నాయా? ఉంటే వాటిని ఎవరు చెక్ చేస్తారు? తప్పితే శిక్ష ఎవరికి పడుతుంది? రాజమండ్రి, కాకినాడ, భీమవరం, ఏలూరు, అమలాపురంలో సహకార సంస్థల్లో డబ్బు దాచుకున్న ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సిన లెక్క ఇది.

మహేష్ బ్యాంకులో అసలేం జరిగింది?

ఏపీ మహేష్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంక్. హెడ్డాఫీసు హైదరాబాద్‌లో. 2022 జనవరి 24, సోమవారం ఉదయం అనుమానం మొదలైంది. శని, ఆదివారాల్లో బ్యాంకు నుంచి పెద్ద మొత్తాలు బయటికి పోయాయి. లెక్క తీస్తే రూ.12.48 కోట్లు.

హైదరాబాద్ పోలీసులు దర్యాప్తు చేసి, అదే ఏడాది మార్చి చివర్లో అప్పటి కమిషనర్ సీవీ ఆనంద్ ప్రెస్‌మీట్‌లో వివరాలు బయటపెట్టారు. దాడికి పునాది పడింది 2021 నవంబరులో. బ్యాంకు ఉద్యోగులకు 200కు పైగా మెయిల్స్ వచ్చాయి. ఇద్దరు వాటిని ఓపెన్ చేశారు. వాళ్ల కంప్యూటర్లలోకి ఓ దొంగ సాఫ్ట్‌వేర్ చేరింది. కీబోర్డు మీద ఏం టైప్ చేస్తున్నారో అది దూరాన ఉన్న హ్యాకర్లకు చేరవేసింది. పాస్‌వర్డ్‌లు దొరికాయి. రెండు నెలలకు పైగా లోపలే ఉన్నా ఎవరికీ తెలియలేదు.

ఆ తర్వాత అదే బ్యాంకులో ఉన్న కొన్ని ఖాతాలను వాడుకుని డబ్బు బయటికి తోలారు. అక్కణ్నుంచి 115 ఖాతాలకు, మళ్లీ అక్కణ్నుంచి 398 ఖాతాలకు. చివరికి దేశవ్యాప్తంగా 938 ఏటీఎంల నుంచి డ్రా చేసుకున్నారు. పోలీసులు వెంటపడి కొంత డబ్బును మధ్యలో ఫ్రీజ్ చేయించగలిగారు. ఎక్కువ భాగం చేయి దాటిపోయింది.

ఇక్కడ అసలు విషయం హ్యాకర్ల తెలివి కాదు. పోలీసులు చెప్పిన దాని ప్రకారం బ్యాంకు నెట్‌వర్క్‌ని విడివిడి భాగాలుగా విభజించలేదు. ఒక కంప్యూటర్‌లోకి దూరితే మిగతా వాటికి దారి దొరుకుతుంది. ఏ మార్పైనా చేయగలిగే 'సూపర్ యూజర్' అకౌంట్లు అవసరానికి మించి ఉన్నాయి. వాటిలో కొన్నింటికి పాస్‌వర్డ్ కూడా ఒకటే.

ఏ బ్యాంకులోనైనా స్ట్రాంగ్ రూమ్ తెరవాలంటే ఇద్దరు అధికారులు, రెండు తాళాలు ఉండాలి. అది నిన్నా మొన్నా వచ్చిన పద్ధతి కాదు. మరి ఆ స్ట్రాంగ్ రూమ్‌లో ఉన్న నగదు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ డబ్బు నడిచే సర్వర్‌కి ఒకే తాళంచెవి, అదీ పది మంది దగ్గర ఉంటే?

ఫైన్ పడింది.. కానీ ఎంత?

మహేష్ బ్యాంకు కేసులో పోలీసులు దొంగల్ని పట్టుకోవడంతో ఆగలేదు. సైబర్ భద్రత విషయంలో బ్యాంకు నిర్లక్ష్యంగా ఉందని రిజర్వు బ్యాంకుకి లేఖ రాశారు. ఆ తర్వాత 2023 మధ్యలో ఆర్బీఐ ఆ బ్యాంకుకి రూ.65 లక్షల జరిమానా వేసింది. సైబర్ నిబంధనలు పాటించనందుకు ఓ బ్యాంకుపై ఇలాంటి చర్య దేశంలో ఇదే మొదటిసారని హైదరాబాద్ పోలీసులు అప్పట్లో చెప్పుకున్నారు.

ఇప్పుడు లెక్క వేద్దాం. పోయింది 12.48 కోట్లు. జరిమానా 65 లక్షలు. అంటే పోయిన ప్రతి వంద రూపాయలకు జరిమానా సుమారు అయిదు రూపాయలు. అది కూడా దొంగతనం జరిగిన దాదాపు ఏడాదిన్నరకు.

అంతకన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. ఆ 65 లక్షలు ఎవరి జేబులోంచి పోతాయి? జరిమానా పడేది బ్యాంకు మీద. సహకార బ్యాంకు అంటే సభ్యులదే. లాభంలోంచి జరిమానా కడితే తగ్గేది సభ్యుల డివిడెండ్, బ్యాంకు రిజర్వు. అంటే సర్వర్‌కి సరైన తాళం వేయించని వాళ్ల తప్పుకి, ఆ సర్వర్ ఎక్కడుందో కూడా తెలియని సభ్యులు రెండోసారి కట్టినట్టు లెక్క.

బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టం ప్రకారం ఇలాంటి ఉల్లంఘనలకు ఆర్బీఐ కోటి రూపాయల దాకా, లేదా సంబంధిత మొత్తం లెక్క తేలితే దానికి రెట్టింపు దాకా జరిమానా వేయొచ్చు. పవర్ ఉంది. దాన్ని ఎప్పుడు, ఎంత వాడుతున్నారన్నదే ప్రశ్న. ఆర్బీఐ జరిమానా ప్రకటనలు చూస్తే చివర్లో ఓ వాక్యం ఎప్పుడూ ఉంటుంది. ఈ చర్య నిబంధనల అమలులో లోపాల గురించే తప్ప, బ్యాంకుకీ కస్టమర్లకీ మధ్య జరిగిన లావాదేవీల మీద తీర్పు కాదని దాని సారాంశం. సింపుల్‌గా చెప్పాలంటే, మీ బ్యాంకుకి ఫైన్ పడినంత మాత్రాన మీ పోయిన డబ్బు మీకు రాదు.

రూల్స్ లేవా అంటే.. బోలెడున్నాయి

2018 ఆగస్టులో పుణేలోని కాస్మోస్ సహకార బ్యాంకులో రెండు మూడు రోజుల్లో సుమారు 94 కోట్లు కొట్టేశారు. నకిలీ కార్డులతో అనేక దేశాల్లో ఏటీఎంల నుంచి డబ్బు లాగేశారు. అదే ఏడాది అక్టోబరులో ఆర్బీఐ అర్బన్ సహకార బ్యాంకులకు కనీస సైబర్ భద్రత నిబంధనలు జారీ చేసింది. 2019 డిసెంబరు 31న ఇంకాస్త వివరంగా, అంచెలంచెలుగా మరో సర్క్యులర్ ఇచ్చింది.

దాని ప్రకారం బ్యాంకులు నాలుగు లెవెల్స్. ఎంత చిన్న బ్యాంకైనా లెవెల్ 1 నిబంధనలు పాటించాల్సిందే. ఇంటర్నెట్ బ్యాంకింగ్, మొబైల్ యాప్, యూపీఐ లాంటివి ఉంటే లెవెల్ 2. సొంత ఏటీఎం స్విచ్ లాంటివి ఉంటే లెవెల్ 3. ఇతర బ్యాంకులకు కూడా డేటా సెంటర్, సాఫ్ట్‌వేర్ సేవలు ఇచ్చే స్థాయి ఉంటే లెవెల్ 4. పై లెవెల్ వాళ్లకి ఇరవై నాలుగ్గంటలూ కాపు కాసే సెక్యూరిటీ సెంటర్ కూడా ఉండాలి.

కింది లెవెల్ నిబంధనలు చూస్తే పెద్ద రాకెట్ సైన్స్ ఏమీ కాదు. ఎన్ని కంప్యూటర్లున్నాయో లిస్టు ఉండాలి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఎప్పటికప్పుడు వేయాలి. ఎవరికి ఎంత అవసరమో అంతే యాక్సెస్ ఇవ్వాలి. పెన్‌డ్రైవ్‌లు ఇష్టమొచ్చినట్టు పెట్టనివ్వకూడదు. బ్యాకప్ తీయాలి. సిబ్బందికి ట్రైనింగ్ ఇవ్వాలి. వీటన్నింటికీ బాధ్యత బోర్డుదే. ఐటీ గుమస్తాది కాదు.

అంటే మహేష్ బ్యాంకులో దాడి జరిగేనాటికే ఈ రూల్స్ వచ్చి రెండేళ్లు దాటింది. కొత్త రూలు లేక జరిగిన దొంగతనం కాదది. ఉన్న రూలు అమలు కాక జరిగింది.

మరి ఎక్కడ తేడా కొడుతోంది? మొదటి మెట్టు దగ్గరే. తాను ఏ లెవెల్‌లోకి వస్తుందో బ్యాంకే లెక్కేసుకుని ఆర్బీఐకి చెప్పాలి. రూల్స్ పాటిస్తున్నామని బ్యాంకే రిపోర్టు ఇవ్వాలి. ఆ తర్వాత ఆడిటర్ వస్తాడు. ఆ ఆడిటర్‌ని పెట్టుకునేదీ, ఫీజు ఇచ్చేదీ బ్యాంకే. ఆ పైన ఆర్బీఐ ఇన్‌స్పెక్షన్. దేశంలో అర్బన్ సహకార బ్యాంకులే దాదాపు 1,450. ఇన్‌స్పెక్షన్ టీమ్ రోజూ కూర్చుని ప్రతి బ్యాంకు పాస్‌వర్డ్‌లు చూడదు కదా!

ఫలితం ఏంటంటే.. చాలా చోట్ల 'కంప్లయెన్స్' అంటే ఓ ఫైలు. పాలసీ డాక్యుమెంట్ ఉందా? ఉంది. బోర్డు తీర్మానం ఉందా? ఉంది. ట్రైనింగ్ ఇచ్చారా? సంతకాలున్నాయి. ఫైలు నిండుగా ఉంటుంది. ఫైర్‌వాల్ లైసెన్సు ఎప్పుడు ఎక్స్‌పైర్ అయిందో మాత్రం ఆ ఫైల్లో ఉండకపోవచ్చు.

గోదావరి జిల్లాల్లో ఎవరి మీద ఎవరి కన్ను?

మన దగ్గర సహకార సంస్థలన్నీ ఒకే గొడుగు కింద లేవు. బోర్డు మీద 'కో-ఆపరేటివ్' అని ఉంటే చాలు, ఆర్బీఐ చూసుకుంటుందని చాలామంది అనుకుంటారు. కాదు.

రాజమండ్రిలో ఆర్యాపురం, జాంపేట, ఇన్నీసుపేట పేర్లతో ఉన్న అర్బన్ బ్యాంకులు, కాకినాడ టౌన్ బ్యాంకు లాంటివి మొదటి రకం. వీటికి ఆర్బీఐ లైసెన్సు ఉంటుంది, సైబర్ నిబంధనలు నేరుగా వర్తిస్తాయి. సంఘంగా రిజిస్ట్రేషన్, ఎన్నికలు లాంటివి మాత్రం సహకార శాఖ పరిధిలో ఉంటాయి. పీఎంసీ బ్యాంకు కుంభకోణం తర్వాత 2020లో చట్టం సవరించి, సహకార బ్యాంకుల బోర్డుల మీద ఆర్బీఐకి అధికారాలు పెంచారు. అయినా ఇద్దరు యజమానుల పద్ధతి పూర్తిగా పోలేదు.

రెండో రకం కాకినాడ, ఏలూరు కేంద్రాలుగా ఉన్న జిల్లా సహకార కేంద్ర బ్యాంకులు.. మనం డీసీసీబీలు అంటాం. వీటికీ ఆర్బీఐ లైసెన్సే. కానీ తనిఖీలు చేసేది నాబార్డ్. గ్రామీణ సహకార బ్యాంకులకు కూడా నాబార్డ్ 2020లో అంచెల పద్ధతిలో సైబర్ నిబంధనలు ఇచ్చింది.

మూడో రకం ఊళ్లో ఉండే సొసైటీ. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం. డెల్టా రైతుకి పంట రుణం, ఎరువు అన్నీ అక్కడే. కొన్ని సొసైటీలు డిపాజిట్లు కూడా తీసుకుంటాయి. వీటికి బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టం వర్తించదు. సహకార రిజిస్ట్రారే దిక్కు. బ్యాంకు మూతపడితే అయిదు లక్షల దాకా వచ్చే డిపాజిట్ ఇన్సూరెన్స్ కూడా సొసైటీ డిపాజిట్లకు లేదు. అలాంటి సొసైటీలను ఇప్పుడు కంప్యూటరీకరిస్తున్నారు. 2022 జూన్‌లో కేంద్రం రూ.2,516 కోట్లతో దేశంలో 63 వేల సొసైటీలను ఒకే సాఫ్ట్‌వేర్ కిందికి తెచ్చే పథకానికి ఓకే చెప్పింది. మంచిదే. పుస్తకాల్లో దొంగ లెక్కలు తగ్గుతాయి. కానీ నిన్నటిదాకా చిట్టా పుస్తకం రాసిన చోట ఇవాళ లాగిన్, పాస్‌వర్డ్ వచ్చాయి. సెక్రటరీ పాస్‌వర్డ్ చీటీ మీద రాసి మానిటర్‌కి అంటిస్తే చూసేదెవరు?

నాలుగో రకం 1995 చట్టం కింద వచ్చిన మ్యాక్స్ సొసైటీలు. వీటి కథ కాకినాడ వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. 2022లో జయలక్ష్మి సొసైటీ బ్రాంచీలు మూతపడి, వేలాది మంది డిపాజిటర్లు రోడ్డు మీదికి వచ్చారు. రిటైరైన ఉద్యోగుల సొమ్ము, పిల్లల పెళ్లిళ్లకని దాచుకున్న సొమ్ము వందల కోట్లలో ఇరుక్కుంది. అది హ్యాకింగ్ కాదు, నిర్వహణలో అక్రమాల కేసు. కానీ పాఠం ఇక్కడా ఒకటే. డబ్బు కట్టిన వాళ్లు పైన ఎవరో గట్టిగా చూస్తున్నారనుకున్నారు. చూడాల్సిన వాళ్లు కాగితాలు చూశారు. విషయం బయటపడేసరికి గల్లా పెట్టె ఖాళీ.

పర్యవేక్షణ అనేది ఉందనుకోవడం వేరు, ఉండటం వేరు.

మీ బ్యాంకు తాళం ఇంకొకరి చేతిలో

ఇంకో చిక్కు కూడా ఉంది. చిన్న బ్యాంకులు సొంతంగా సాఫ్ట్‌వేర్ రాసుకోవు. కోర్ బ్యాంకింగ్, ఏటీఎం, యూపీఐ అన్నీ బయటి కంపెనీలకు అప్పగిస్తాయి. అప్పుడు బ్యాంకు ఎంత జాగ్రత్తగా ఉన్నా, ఆ కంపెనీ ఇంట్లో నిప్పంటుకుంటే పొగ ఇక్కడికీ వస్తుంది.

2024 జులై 31న అదే జరిగింది. చిన్న బ్యాంకులకు టెక్నాలజీ సేవలిచ్చే సీ-ఎడ్జ్ అనే సంస్థ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. ఇది ఎస్‌బీఐ, టీసీఎస్‌ల జాయింట్ వెంచర్. దాడి పాకకుండా ఎన్‌పీసీఐ ఆ సంస్థను చెల్లింపుల నెట్‌వర్క్ నుంచి తాత్కాలికంగా తప్పించింది. దాంతో దేశంలో దాదాపు 300 చిన్న బ్యాంకుల్లో యూపీఐ, ఏటీఎం సేవలు ఆగాయి. ఎక్కువగా సహకార, గ్రామీణ బ్యాంకులే. మర్నాటికి సర్దుకుంది. కానీ ఆ రోజు ఆ బ్యాంకుల కస్టమర్లు చేసిన తప్పేంటి? ఆ బ్యాంకులు చేసిన తప్పైనా ఏంటి?

ఇలాంటి వాటి కోసమే ఆర్బీఐ 2023 ఏప్రిల్‌లో ఐటీ అవుట్‌సోర్సింగ్ మీద గట్టి నిబంధనలు తెచ్చింది. బయటి కంపెనీని ఎలా ఎంచుకోవాలి, ఎలా ఆడిట్ చేయాలి, ఒప్పందంలో ఏముండాలి అన్నీ అందులో ఉన్నాయి. అయితే అర్బన్ సహకార బ్యాంకుల్లో టైర్ 1, టైర్ 2 వాటికి అది వర్తించదు. అంటే డిపాజిట్లు వెయ్యి కోట్ల లోపు ఉన్న బ్యాంకులు దాని పరిధిలో లేనట్టే. మన జిల్లా పట్నాల్లో కనపడే అర్బన్ బ్యాంకులు చాలావరకు ఈ సైజువే.

చిన్న బ్యాంకు మీద భారం పడకూడదన్న ఆలోచన అర్థం చేసుకోదగ్గదే. కానీ బయటి కంపెనీల మీద ఎక్కువగా ఆధారపడేది కూడా ఈ చిన్న బ్యాంకులే. ఎక్కడ అవసరం ఎక్కువో అక్కడే రూలు పలచబడింది.

బ్యాంకుల వాదన కూడా వినాలి

ఇదంతా చదివి బోర్డులన్నీ నిద్రపోతున్నాయనుకోవడం న్యాయం కాదు. నాలుగైదు బ్రాంచీలున్న బ్యాంకుకి మంచి సైబర్ నిపుణుణ్ని జీతమిచ్చి పెట్టుకోవడం కష్టం. హైదరాబాద్, బెంగళూరు కంపెనీలు ఇచ్చే జీతం ఇక్కడ ఇవ్వలేరు. ఫైర్‌వాల్, లైసెన్సులు, ఆడిట్ ఫీజులు ఏటా పెరుగుతూనే ఉంటాయి. ఆర్బీఐ, నాబార్డ్, సెర్ట్-ఇన్, సహకార శాఖ.. ఒక్కొక్కరికి ఒక్కో రిపోర్టు. రిపోర్టులు నింపే పనిలోనే ఉన్న ఒక్క ఐటీ ఆఫీసర్ కాలం గడిచిపోతుంది.

దీనికి మందు కలిసికట్టుగా కొనుక్కోవడమే. సహకారం అన్న మాటకు అర్థమే అది. అర్బన్ బ్యాంకులన్నింటికీ గొడుగు సంస్థగా ఎన్‌యూసీఎఫ్‌డీసీ 2024 మార్చిలో మొదలైంది. ఉమ్మడి టెక్నాలజీ, సైబర్ సేవలు అందించడం దాని పనుల్లో ఒకటి. రాజమండ్రిలో ఉన్న మూడు నాలుగు బ్యాంకులు విడివిడిగా నలుగురు అరకొర నిపుణుల్ని పెట్టుకునే బదులు, కలిసి ఓ మంచి టీమ్‌ని పెట్టుకోవచ్చు. తాడితోట బట్టల మార్కెట్‌లో వ్యాపారులు వాచ్‌మన్ ఖర్చు పంచుకున్నట్టే ఇదీను.

అయితే ఖర్చు ఎక్కువన్న వాదనకు ఓ హద్దుంది. ఒకే పాస్‌వర్డ్ పది మంది వాడకుండా ఆపడానికి కోట్లు అక్కర్లేదు. ఉద్యోగం మానేసినవాడి లాగిన్ ఆ రోజే తీసేయడానికి పైసా ఖర్చు లేదు. శనివారం రాత్రి లావాదేవీల పరిమితి మారితే మేనేజర్ ఫోన్‌కి మెసేజ్ వచ్చేలా పెట్టుకోవడం పెద్ద పనేమీ కాదు. మహేష్ బ్యాంకులో కొంప ముంచినవి ఇలాంటి చిన్న విషయాలే.

కేంద్రం చేతిలో కొరడాలు

ఆర్బీఐ ఒక్కటే కాదు. కేంద్ర ఐటీ శాఖ కింద ఉన్న సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఓ ఆదేశం ఇచ్చింది. సైబర్ దాడి జరిగినట్టు తెలిసిన ఆరు గంటల్లో సంస్థలు తమకు చెప్పాలి. కంప్యూటర్ లాగ్‌లు 180 రోజులు దాచాలి. పాటించకపోతే ఏడాది దాకా జైలు లేదా జరిమానా. ఆ జరిమానా పరిమితి మొదట్లో లక్ష రూపాయలే ఉండేది. 2023లో జనవిశ్వాస్ చట్టంతో కోటికి పెంచారు. సైబర్ ఆడిట్ ఏడాదికి ఒక్కసారైనా జరగాలని 2025 జులైలో సెర్ట్-ఇన్ మార్గదర్శకాలు వచ్చాయి.

ఇంకా పెద్ద కొరడా వస్తోంది. 2023 డేటా రక్షణ చట్టం కింద, ప్రజల వ్యక్తిగత డేటాకి తగిన భద్రత పెట్టకపోతే జరిమానా రూ.250 కోట్ల దాకా వెళ్లొచ్చు. దాని రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి. అసలు బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు. అంటే 2027 మే. మీ ఆధార్, పాన్, సంతకం, బంగారం తాకట్టు వివరాలు అన్నీ ఉన్న సహకార బ్యాంకు కూడా ఆ చట్టం పరిధిలోనిదే.

కొరడా పెద్దదైతే గుర్రం భయపడుతుంది, నిజమే. కానీ ఇక్కడ మళ్లీ అదే ప్రశ్న. సహకార బ్యాంకు మీద భారీ జరిమానా పడితే, కట్టేది ఎవరు? సభ్యులే. కాబట్టి జరిమానా పెంచడం ఒక్కటే దారి కాదు. దొంగతనం జరగకముందే లోపం బయటపడేలా చేయడమే అసలు పని.

తాళం ఉందో లేదో చెప్పమంటే చాలు

ఇవాళ బ్యాంకుకి ఆడిట్ జరిగితే రిపోర్టు బోర్డుకి వెళ్తుంది, రెగ్యులేటర్‌కి వెళ్తుంది. డబ్బున్న సభ్యుడికి మాత్రం తెలియదు. జరిమానా పడ్డాక ఆర్బీఐ ప్రకటనలో ఓ పేరా చదవాలి. అప్పటికి ఆలస్యమైపోతుంది.

రహస్యం అవసరం కదా అంటారు. కొంతవరకు నిజమే. సర్వర్‌లో ఏ కిటికీ తెరిచి ఉందో పేపర్లో వేస్తే దొంగకి దారి చూపించినట్టే. కానీ పూర్తి మౌనానికి అది సాకు కాకూడదు. ఆర్బీఐ ఇన్‌స్పెక్షన్ రిపోర్టులు ఆర్టీఐ కింద ఇవ్వాల్సిందేనని 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు జయంతిలాల్ మిస్త్రీ కేసులో చెప్పింది. ఆ కేసులో మొదటి దరఖాస్తు గుజరాత్‌లోని ఓ సహకార బ్యాంకు గురించే. బ్యాంకులు ఆ తర్వాత కూడా దానిపై కోర్టుకెక్కుతూనే ఉన్నాయి. ప్రజల డబ్బుతో నడిచే సంస్థ ప్రజలకు ఎంత చెప్పాలన్న చర్చ ఇంకా ముగియలేదు.

మధ్యే మార్గం ఉంది. తాళం ఏ మోడల్ అని ఎవరూ అడగడం లేదు. తాళం వేశారా లేదా అని అడుగుతున్నారు. వార్షిక నివేదికలో ఒక్క పేజీ చాలు. బ్యాంకు ఏ లెవెల్‌లో ఉంది, చివరి సైబర్ ఆడిట్ ఎప్పుడు జరిగింది, ఎన్ని లోపాలు చూపించారు, ఎన్ని సరిచేశారు, ఎన్ని మిగిలాయి, ఏడాదిలో ఎన్ని దాడులు రిపోర్టు చేశారు. ఇందులో దొంగకి పనికొచ్చేది ఏమీ లేదు. సభ్యుడికి పనికొచ్చేది చాలా ఉంది. రెగ్యులేటర్ దీన్ని తప్పనిసరి చేయొచ్చు. చేసేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. ఏ బ్యాంకు సభ్యులైనా మహాజన సభలో అడగొచ్చు.

మీరు అడగాల్సిన అయిదు ప్రశ్నలు

ఒకటి, మన బ్యాంకు ఆర్బీఐ లెక్కలో ఏ లెవెల్? రెండు, గత ఏడాది సైబర్ ఆడిట్ చేసింది ఎవరు, సెర్ట్-ఇన్ గుర్తింపు ఉన్న ఆడిటరేనా? మూడు, ఆయన చూపించిన లోపాల్లో ఇంకా సరిచేయనివి ఎన్ని, ఎందుకు? నాలుగు, సాఫ్ట్‌వేర్ కంపెనీతో ఒప్పందంలో వాళ్ల వైపు తప్పు జరిగితే నష్టం ఎవరు భరిస్తారు? అయిదు, సైబర్ ఇన్సూరెన్స్ ఉందా, ఎంతకి?

ఈ అయిదింటికీ ఛైర్మన్ గారు సూటిగా జవాబిస్తే మీ బ్యాంకు బాగానే ఉన్నట్టు. "అవన్నీ టెక్నికల్ విషయాలండీ, మా వాళ్లు చూసుకుంటారు" అన్నారంటే.. రాసిచ్చి మినిట్స్‌లో ఎక్కించమనండి. మినిట్స్‌లో ఎక్కిన ప్రశ్న తర్వాత వచ్చే ఇన్‌స్పెక్షన్ టీమ్ కంట్లో పడుతుంది.

వెబ్‌సైట్ చూసినా ఓ చిన్న పరీక్ష చేయొచ్చు. బ్యాంకులన్నీ తమ వెబ్‌సైట్‌లను 2025 అక్టోబరు 31 కల్లా 'బ్యాంక్ డాట్ ఇన్' అనే ప్రత్యేక డొమైన్‌కి మార్చాలని ఆర్బీఐ గడువు పెట్టింది. ఆ డొమైన్లు ఇచ్చేది హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ మాత్రమే. మీ బ్యాంకు వెబ్‌సైట్ అడ్రస్ చివర ఆ పేరు ఉందో లేదో చూడండి. ఉంటే అన్నీ సవ్యంగా ఉన్నాయని కాదు. లేకపోతే మాత్రం ఎందుకు లేదో అడగాల్సిందే.

డబ్బు పోతే ఏం చేయాలి?

ఖాతాలోంచి మీకు తెలియకుండా డబ్బు పోతే, ముందు 1930కి ఫోన్ చేయండి. వెంటనే బ్యాంకుకి రాతపూర్వకంగా చెప్పి రసీదు తీసుకోండి. మీ తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా మధ్యలో ఎక్కడో లోపం వల్ల డబ్బు పోయి, మూడు పనిదినాల్లోపు మీరు చెబితే, నష్టం మీది కాదు. తప్పు బ్యాంకుదే అయితే మీరు చెప్పినా చెప్పకపోయినా బాధ్యత బ్యాంకుదే. సహకార బ్యాంకులకు కూడా ఇది వర్తిస్తుందని 2017 డిసెంబరులోనే ఆర్బీఐ చెప్పింది. తప్పు కస్టమర్‌దని రుజువు చేయాల్సిన భారం బ్యాంకు మీదే ఉంటుంది. నెల రోజుల్లో బ్యాంకు పట్టించుకోకపోతే ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. యాభై కోట్లు, ఆపైన డిపాజిట్లున్న అర్బన్ బ్యాంకులు అందులో ఉన్నాయి. 2025 నవంబరు నుంచి డీసీసీబీలను కూడా చేర్చారు. ఊరి సొసైటీలు మాత్రం ఇప్పటికీ బయటే.

చివరిగా..

గోదావరి గట్టు సంగతి ఈ జిల్లాల వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. వరద వచ్చాక ఇసుక బస్తాలు వేయడం ఒక పద్ధతి. ఎండాకాలంలోనే గట్టు మీద నడిచి, ఎక్కడ గండి పడేలా ఉందో చూసుకోవడం ఇంకో పద్ధతి. మహేష్ బ్యాంకు విషయంలో వ్యవస్థ కదిలింది వరద వచ్చి పోయాకే. పోలీసు లేఖ రాస్తే జరిమానా పడింది. అంతకు ముందు రెండేళ్లుగా రూల్స్ ఉన్నాయి, చూడాల్సిన వాళ్లూ ఉన్నారు.

ఆక్వా రైతు చెరువు పట్టిన డబ్బు, గల్ఫ్ నుంచి కొడుకు పంపిన డబ్బు, కడియం నర్సరీ కూలీ పొదుపు.. ఇవన్నీ ఇప్పుడు సర్వర్‌లో అంకెలుగానే ఉన్నాయి. వాటికి కాపలా ఎవరన్న ప్రశ్న రిజర్వు బ్యాంకుది, నాబార్డ్‌ది, సహకార శాఖది. వాళ్లందరి కన్నా ముందు అడిగే హక్కు మాత్రం సభ్యుడిదే. ఈసారి మహాజన సభ నోటీసు ఇంటికొచ్చినప్పుడు డివిడెండ్‌తో పాటు తాళం సంగతి కూడా అడగండి.